ఎర్రమట్టి దిబ్బల్లో ఒంటరి నడక: విజయనగరం, శ్రీకాకుళం వారికి సమగ్ర మార్గదర్శి

రంగురంగుల ఎడారి గుట్టల మధ్య ఒంటరిగా నడవాలన్న కోరిక ఉన్న విజయనగరం, శ్రీకాకుళం వాసులు దానికోసం రాజస్థాన్ దాకా పోనక్కరలేదు. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య సముద్రతీర మార్గంలో, భీమిలికి నైరుతిగా నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు తెల్లవారుజామున బయలుదేరి పొద్దుపోయేలోగా ఇల్లు చేరగలిగినంత దగ్గరలోనే ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. అయినా వచ్చినవారిలో ఎక్కువమంది చూసేది రోడ్డుకు దగ్గరగా ఉన్న రెండు మూడు గుట్టలనే. ఫొటోలు దిగి, జీడితోట నీడలో తెచ్చుకున్నది తిని, వెనుదిరుగుతారు. ఆ గుట్టలు దాటి, వాననీరు కోసిన లోపలి గండ్లలో మూడు నాలుగు గంటలు ఒక్కరే నడిచి, తమకూ ఆ స్థలానికీ ఏ నష్టమూ జరగకుండా తిరిగి రాదలచినవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

దిబ్బలు తీరం వెంబడి సుమారు 5 కిలోమీటర్ల పొడవున, ఒక్కోచోట 200 మీటర్లు, మరోచోట 2 కిలోమీటర్ల వెడల్పున విస్తరించి ఉన్నాయి. కొన్ని గోడల ఎత్తు 30 మీటర్ల దాకా ఉంటుంది. ఇంత చిన్న చోట దారి తప్పడమేమిటని ఇంటి దగ్గర కూర్చుని మ్యాపు చూసేవారికి అనిపించడం సహజమే. లోపలికి దిగిన పావుగంటకే ఆ ధీమా సడలుతుంది, ఎందుకంటే ఏ మలుపు చూసినా అదే ఎరుపు, అదే ఎత్తు, అదే ఆకారం. దూరం తక్కువైనా దిక్కు తెలియని చోట ఎండలో తిరగడం ప్రమాదమే.

ముందు స్థలాన్ని అర్థం చేసుకోండి

నడక కోసమే అయితే ఈ చరిత్ర అంతా ఎందుకని దాటవేయకండి. ఎక్కడ కాలు పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో నిర్ణయించేది ఇదే. సుమారు 20,000 ఏళ్ల క్రితం, గత మంచుయుగం పతాక దశలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలి లోపలికి ఎగరవేసి తీరం వెంట మేటలుగా పోసింది. ఆ ఇసుక తూర్పు కనుమల నుంచి ఏర్లు, గెడ్డలు మోసుకువచ్చినదే. ఇక్కడి కొండలు ఎక్కువగా ఖోండలైట్ అనే రాతితో ఏర్పడ్డాయి కనుక ఇసుకలో గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మనైట్ అనే ఖనిజాల రేణువులు కలిసి ఉన్నాయి. వేల సంవత్సరాల వానకూ ఎండకూ ఇనుము గల ఖనిజాలు శిథిలమై, ఒక్కొక్క రేణువు చుట్టూ తుప్పు వంటి పలుచని ఎర్రని పూత పట్టింది. ఆ తర్వాత వాననీరు ఆ మేటలను కోసుకుంటూ పోయి ఇప్పుడు మనం చూస్తున్న గండ్లనూ శిఖరాలనూ మిగిల్చింది. ఈ నిక్షేపాలను గురించి సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1886లోనే రాశాడు. ఇటువంటి ఎర్ర ఇసుక తమిళనాడు దక్షిణ తీరంలో ఉంది, అక్కడ దాన్ని తేరి అంటారు, శ్రీలంకలోనూ ఉంది, దక్షిణాసియాలో మరెక్కడా పెద్దగా కనిపించదు.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని పెయింటెడ్ డెజర్ట్ గుట్టలు 20 కోట్ల ఏళ్లకు పైబడిన బంకమట్టి రాళ్లు. మన దిబ్బలు వాటి పక్కన నిన్న మొన్న పుట్టినవి. రాయిగా గట్టిపడే వ్యవధి వీటికి దొరకలేదు. చూపుకు ఎడారిలా ఉన్నా ఏటా సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడే తీరం ఇది. కాబట్టి విదేశీ వీడియోల్లో గుట్టల అంచుల మీద పరుగెత్తేవారిని చూసి ఇక్కడ అలా చేయబూనడం తెలివితక్కువ పని. మీ పక్కనున్నది రాతిగోడలా కనిపించే ఇసుక కుప్ప అన్న సంగతిని నడక పొడుగునా గుర్తుంచుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మార్చి నుంచి ఇసుక కాలడం మొదలవుతుంది; ఏప్రిల్, మే నెలల్లో తీరపు ఉక్కపోత వల్ల చెమట ఆరక ఒళ్లు చల్లబడదు, దానికి తోడు మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగులు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరు నెలలు మన ప్రాంతంలో తుపానుల కాలమని వేరే చెప్పనక్కరలేదు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని ఏ స్థితికి తెచ్చాయో చూసినవారే ఈ జిల్లాల్లో ఎక్కువ.

కాలం కంటే ముఖ్యమైనది గత నాలుగు రోజుల వాన. గట్టి వాన పడితే నాలుగైదు రోజులైనా ఆగండి. తడిసిన ఇసుక గోడ వాన వెలిసి ఆరేటప్పుడు కూడా విరిగిపడవచ్చు. పైకి పొడిగా కనిపించినా లోపలి తడి బరువు తగ్గి ఉండదు. తడి మీద రంగులు చిక్కగా, అందంగా ఉంటాయన్నది నిజమే. ఆ అందాన్ని రోడ్డు పక్క నుంచి చూసి తృప్తి పడండి.

సంచిలో ఏముండాలి

నాలుగు గంటల నడకకు మనిషికి 3 లీటర్ల నీరు కావాలి. శీతాకాలమైనా ఈ లెక్క తగ్గించవద్దు, ఎందుకంటే లోపల తాగదగ్గ నీరు దొరకదు. కొన్ని గెడ్డల అడుగున సన్నని ఊట కనిపించినా అది పశువులు తిరిగే నీరు. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, ఉప్పు వేసిన పల్చని మజ్జిగ ఒక సీసా ఉంటే మేలు. తిండికి నిమ్మకాయ పులిహోర, వేరుశనగ అచ్చు, అరటిపళ్లు చాలు. ఉదయం ఇంట్లో చోడి అంబలి తాగి బయలుదేరితే పది గంటల దాకా ఆకలి మాటే ఉండదన్నది నా అనుభవం; ఇడ్లీ, పూరీ తిని బయలుదేరినవారు ఎండెక్కగానే ఎందుకు నీరసిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చెప్పులతో వెళ్లకండి. మడమను పట్టి ఉంచే బూట్లు, పొడవైన మేజోళ్లు వేసుకుని, ప్యాంటు అంచును మేజోళ్లలోకి దోపితే ఇసుక లోపలికి పోదు, పల్లేరు కాయలూ గుచ్చుకోవు. నూలు చొక్కా నిండు చేతులది కావాలి. తలకు టోపీ కంటే పెద్ద తువ్వాలు మంచిది; మెడ కూడా కప్పుతుంది, అవసరమైతే దెబ్బ తగిలిన చేతికి కట్టుగా పనికివస్తుంది. నేలను తట్టి చూడడానికి భుజం ఎత్తు వెదురు కర్ర ఒకటి, గట్టిగా మోగే ఈల, చిన్న టార్చి, పవర్ బ్యాంకు, దూది, గాజుగుడ్డ, ముల్లు తీసే పట్టకారు తీసుకోండి. రంగుల మీద ఆసక్తి ఉన్నవారు నగల దుకాణంవారు వాడే భూతద్దం, ఒక తెల్ల కాగితం పెట్టుకోవాలి. వాటి పని తర్వాత చెబుతాను.

దిబ్బలకు వెళ్లే ముందు ఆదివారాలు రెండు మూడు బూట్లకు, సంచికి ఒంటిని అలవాటు చేయండి. విజయనగరం వారికి రామతీర్థం దగ్గరి గురుభక్తుల కొండ, బోధికొండ, శ్రీకాకుళం వారికి వంశధార ఒడ్డున శాలిహుండం కొండ అందుకు తగిన చోట్లు.

ఇంట్లో చెప్పవలసింది

ఒంటరి నడకలో మిమ్మల్ని కాపాడే మొదటి వస్తువు ఇంట్లో వదిలి వెళ్లే చీటీ. అందులో నాలుగు సంగతులు రాయాలి: ఏ వైపు నుంచి దిబ్బల్లోకి దిగుతున్నారు, ఎన్ని గంటలకు బయటకు వస్తారు, బయటకు రాగానే ఎవరికి ఫోన్ చేస్తారు, ఎన్ని గంటల దాకా ఫోన్ రాకపోతే వారు ఏం చేయాలి. చివరి సంగతిని చాలామంది వదిలేస్తారు. "మధ్యాహ్నం ఒంటి గంటకు ఫోన్ చేస్తాను, రెండున్నర దాకా రాకపోతే 112కు చేసి ఈ చీటీ చదివి వినిపించండి" అని స్పష్టంగా ఉండాలి. అమ్మకో, అన్నయ్యకో, గదిలోని స్నేహితుడికో ఈ మాట నోటితో కూడా చెప్పి, వారు తిరిగి చెప్పేదాకా ఆగండి. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్తామంటే ఇళ్లలో వచ్చే అభ్యంతరానికి కూడా ఈ చీటీయే మంచి జవాబు. వాదన కంటే ఏర్పాటు పెద్దలను త్వరగా ఒప్పిస్తుంది.

ప్రయాణం

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి విశాఖ వైపు బస్సులో తగరపువలస దాకా వచ్చి, అక్కడ దిగి భీమిలికి బస్సో ఆటోనో పట్టుకోవాలి. శ్రీకాకుళం నుంచి వచ్చేవారు 16వ జాతీయ రహదారి మీద రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం దాటి అదే తగరపువలసలో దిగుతారు. భీమిలి నుంచి విశాఖ వైపు తీరమార్గంలో వెళ్లే బస్సులు, ఆటోలు దిబ్బల ముందు నుంచే పోతాయి. ఏడున్నరకల్లా అక్కడ ఉండేటట్లు లెక్క వేసుకుని బయలుదేరండి. సొంత బండి మీద వెళ్తే దాన్ని జనం మసిలే చోట, ఏదైనా కొట్టు ఎదుట, చెప్పి నిలపండి. దిబ్బల మీదికి బండి ఎక్కించవద్దు. చక్రాల చాలు పడిన చోట మరుసటి వానకు కొత్త గండి మొదలవుతుంది.

ఆ దారిలోనే నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ కళింగ ఉంది. కంచె ఉన్న చోట, హెచ్చరిక బోర్డు ఉన్న చోట దగ్గరి దారి అని లోపలికి పోకండి. ఆ వైపు కెమెరా తిప్పకండి. డ్రోను సంగతి అసలే మరచిపోండి. దిబ్బల చుట్టూ ఉన్న జీడి, సరుగుడు తోటలు ఎవరో ఒకరివి. కాపలా మనిషి కనిపిస్తే మీరే ముందు పలకరించి, "బాబాయ్, దిబ్బల్లోకి నడకకు వచ్చాను, మధ్యాహ్నానికి బయటకు వచ్చేస్తాను" అని చెప్పండి. మీరు లోపల ఉన్నారని తెలిసిన మనిషి బయట ఒకరుండడం ఒంటరి నడకలో చిన్న విషయం కాదు. జీడిపిక్కలు ఏరకండి, పచ్చిపిక్క రసం చేతికి తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది కూడా.

లోపలికి దిగే ముందు దిక్కు పట్టండి

రోడ్డు పక్కన ఎత్తుగా ఉన్న చోట పది నిమిషాలు నిలబడండి. ఇక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కనుక సముద్రం మీకు ఆగ్నేయంగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు కూడా తూర్పుకు కాస్త ఆగ్నేయంగానే ఉదయిస్తాడు. అంటే పొద్దుటి ఎండ ముఖాన పడుతున్నంతసేపూ మీరు సముద్రం వైపు, వీపున పడుతుంటే కొండల వైపు నడుస్తున్నట్లు. పది, పదకొండు గంటల తర్వాత ఈ గుర్తు పనిచేయదు, ఎందుకంటే సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. ఆ వేళకు సాధారణంగా సముద్రపు గాలి మొదలవుతుంది కాబట్టి మిట్ట మీదికి వచ్చినప్పుడు గాలి ఎటు నుంచి తగులుతోందో చూసుకోవచ్చు. గండి లోపల మాత్రం గాలిని నమ్మవద్దు, గోడలు దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుతాయి.

ఫోనులో ఈ ప్రాంతపు మ్యాపును ఇంటి దగ్గరే దించుకుని, నడిచిన దారిని నమోదు చేసే యాప్‌ను ఇక్కడ మొదలుపెట్టండి. ఇరుకు గండ్లలో ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి చెదిరి మిమ్మల్ని పక్క గండిలో ఉన్నట్లు చూపుతుంది. వెడల్పాటి చోటుకు వచ్చాకే చూడండి. ఇంతకూ ఫోను సహాయకారి మాత్రమే, దారి చూపేది నీరు పారిన జాడ.

గండ్ల లెక్క

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే దీన్ని చదవండి. దిబ్బల్లోని గండ్లు చెట్టు కొమ్మల్లా అల్లుకుని ఉంటాయి. సన్నని రెమ్మలన్నీ మిట్ట అంచుల వద్ద పుట్టి, రెండు రెండుగా కలుస్తూ, పెద్ద కొమ్మలై, చివరికి ఒక గెడ్డగా సముద్రం వైపు దిగుతాయి. నీరు ఎక్కడా విడిపోదు, కలుస్తుంది. దీని నుంచి నడిచేవారికి అత్యంత ఉపయోగకరమైన సూత్రం ఒకటి వస్తుంది: నీరు పోయిన వైపుకు నడిస్తే ఏ కూడలిలోనూ మీకు ఎంపిక ఉండదు, నీరు వచ్చిన వైపుకు నడిస్తే ప్రతి కూడలిలోనూ ఎంపిక ఉంటుంది.

కాబట్టి దిగువన, గెడ్డ వెడల్పుగా ఉన్న చోట మొదలుపెట్టి పైకి నడిచినట్లయితే మీ పని సులభం. వెళ్లేటప్పుడు కుడికి పోయారో ఎడమకు పోయారో మరచిపోయినా నష్టం లేదు. వెనక్కి తిరిగి వాలు వెంబడి దిగితే బయలుదేరిన చోటుకే చేరతారు. కానీ మిట్ట మీది నుంచి, గండి తల దగ్గర దిగి లోపలికి పోయినట్లయితే లెక్క తిరగబడుతుంది. దిగేటప్పుడు ఏ తడబాటూ లేకుండా హాయిగా సాగిపోతారు, పక్కల నుంచి కలిసే గండ్లను గమనించను కూడా గమనించరు. తిరిగి ఎక్కేటప్పుడు ప్రతి పావు ఫర్లాంగుకూ రెండేసి నోళ్లు ఎదురై, ఏది మీదో తెలియదు. దారి తప్పే చోటు ఇదే.

అలా పైనుంచి దిగక తప్పనప్పుడు చేయవలసిన పని ఇది. పక్క నుంచి మరో గండి వచ్చి కలిసిన ప్రతి చోటా ఆగండి. వెనక్కి తిరగండి. తిరిగి వచ్చేటప్పుడు కనిపించబోయే దృశ్యం అదే కనుక రెండు నోళ్లూ పడేటట్లు ఒక ఫొటో తీసి, మీరు వచ్చిన గండి నేల మీద కర్రతో మూరెడు పొడవున బాణం గీయండి. ఆ గీత గాలికి, వానకు తనంతట తానే చెరిగిపోతుంది. అందుకే గోడ మీద గీయడం, రంగు పూయడం, ప్లాస్టిక్ రిబ్బను కట్టడం కంటే అది మేలు. ఫొటో తీసిన వేళ కూడా ఫోనులో ఉంటుంది కనుక ఒక కూడలి నుంచి మరో కూడలికి ఎంతసేపు పట్టిందో తిరుగుదారిలో పోల్చుకోవచ్చు.

నీరు ఎటు పారిందో ఎండిన నేల మీద గుర్తించడం కూడా నేర్చుకోవాలి. వాలు స్పష్టంగా లేని చోట ఇసుక మీది అలల మడతలను చూడండి: నీరు చేసిన మడతకు ఒక వైపు మెల్లని ఏటవాలు, రెండో వైపు నిటారు తెగుడు ఉంటాయి, నిటారు తెగుడు ఉన్నది నీరు పోయిన వైపు. చిన్న రాయి లేదా జీడి వేరు అడ్డం పడిన చోట దాని వెనుక తోకలా ఇసుక పేరుకుని ఉంటుంది. తోక చూపేది దిగువ. గడ్డిపోచలు వంగిన దిశ కూడా అదే చెబుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే పొరపాటు పడే అవకాశం తక్కువ.

ఈ సూత్రం పనిచేయడానికి ఒకే ఒక నిబంధన: ఒక గండి నుంచి గోడ ఎక్కి పక్క గండిలోకి దిగకూడదు. దిగిన మరుక్షణం మీరు మరో గెడ్డ పరివాహకంలోకి వెళ్లిపోవచ్చు, అప్పుడు మీ ఫొటోలూ బాణాలూ దేనికీ కొరగావు. ఒకవేళ ఏమీ తోచని స్థితి వస్తే వాలు వెంబడి దిగువకే నడవండి. గెడ్డ మిమ్మల్ని సముద్రం వైపు చేరుస్తుంది. అక్కడ నుంచి తీరం వెంట ఈశాన్యానికి భీమిలి, నైరుతికి మంగమారిపేట ఉన్నాయి; కంచె అడ్డువచ్చే వైపు వదిలి రెండో వైపు నడవాలి. ఎండలో ఆ ఇసుక దారి పొడవుగానే అనిపిస్తుంది, కానీ తప్పిపోవడం మాత్రం ఉండదు.

గోడల దగ్గర మెలకువ

గోడ అంచు మీద నిలబడవద్దు. మూడు మీటర్లు ఇవతలే ఆగండి. అంచుకు సమాంతరంగా నేలలో సన్నని పగులు కనిపిస్తే ఆ పగులుకు అవతలి భాగమంతా పడిపోవడానికి సిద్ధంగా ఉన్నట్లు లెక్క. గండి తలల దగ్గర వాననీరు నేలలోకి దూరి లోపల తొలిచిన కన్నాలు ఉండవచ్చు, అందుకే అక్కడ కర్రతో తట్టి చూసి అడుగు వేయాలి. బోలు చప్పుడు వస్తే చుట్టు తిరిగి వెళ్లండి.

కింద నడిచేటప్పుడు గండి మధ్యలో నడవండి. పాదం దగ్గర నీరు కోసి పైభాగం ముందుకు వంగిన గోడ కింద నీడ బాగుంటుంది, కూర్చోవాలనిపిస్తుంది, కూర్చోకూడదు. గోడ పాదాన తాజాగా రాలిన, రంగు ముదురుగా ఉన్న ఇసుక కుప్ప కనిపించిందంటే ఆ గోడ ఇటీవల విరిగిందన్నమాట, మళ్లీ విరుగుతుంది. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకుగా, తలకంటే ఎత్తుగా ఉన్న గండిలోకి గుంపుగా వెళ్లేవారు వెళ్తారేమో కానీ ఒంటరిగా వెళ్లేవారు అక్కడి నుంచే వెనుదిరగాలి. నడుము దాకా ఇసుకలో కూరుకుపోయిన మనిషి తనంతట తాను బయటపడడం చాలా కష్టం, తవ్వి తీయడానికి పక్కన మరొకరు ఉండరు. గోడ ఎక్కడం అన్నది ఏ పరిస్థితిలోనూ వద్దు.

రంగులను దగ్గర నుంచి చూడడం

ఇంత జాగ్రత్తతో లోపలికి వచ్చేది ఇందుకే కనుక ఇక్కడ తొందరపడకండి. పూర్తిగా తెగిన గోడ ఎదురైనప్పుడు పది అడుగుల దూరంలో నిలబడి కింద నుంచి పైకి చూడండి. అన్నిటికంటే అడుగున పసుపు ఇసుక, దాని మీద సున్నపు గడ్డలు పొదిగిన ఎరుపు గోధుమ రంగు పొర, ఆపైన ఇటుక ఎరుపు, అన్నిటికంటే మీద లేత పసుపు ఇసుక మేట ఉంటాయి. నాలుగూ ఒకే గోడలో దొరకడం అరుదు. దొరికిన రోజు అదృష్టమే. ఎరుపు గోధుమ పొరలో బయటకు పొడుచుకువచ్చిన ముద్దలు చుట్టూ ఉన్న ఇసుక కంటే గట్టివి. వాన కురిసినప్పుడు ఆ ముద్ద గొడుగులా అడ్డుపడి తన కింది ఇసుకను కాపాడుతుంది, చుట్టుపక్కలది కొట్టుకుపోతుంది. అందువల్ల జానెడు ఎత్తున, నెత్తిన గడ్డను మోస్తున్న చిన్న చిన్న స్తంభాలు వరుసగా నిలబడతాయి. వాటిని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. బూటు కొన తగిలితే కూలిపోతాయి.

ఇప్పుడు భూతద్దం తీయండి. గండి నేల మీది ఇసుకను, గోడది కాదు, ఒక్క చిటికెడు తెల్ల కాగితం మీద పోసి సూర్యుడికి వీపు పెట్టి చూస్తే ఎరుపంతా ఒకటి కాదని తెలుస్తుంది. గాజుపలుకుల్లా ఉండి ఎర్రని మరకలు పట్టినవి క్వార్ట్జ్ రేణువులు. వేళ్ల మధ్య నీటిచుక్కతో నలిపితే మరక కొంత వేళ్లకు అంటుతుంది. దానిమ్మగింజ రంగులో తమంతట తామే మెరిసేవి గార్నెట్లు. వీటి రంగు ఎంత నలిపినా పోదు. మిలమిలలాడే నల్లని సన్నని గింజల్లో ఇల్మనైట్ ఎక్కువ. చూసిన ఇసుకను అక్కడే పోసేయండి. సీసాలో నింపి ఇంటికి తేవడం వేలమంది చేస్తే దిబ్బ తగ్గిపోతుందా అని అడిగేవారుంటారు. తగ్గుతుందా లేదా అన్నది కాదు, వారసత్వ స్థలం నుంచి ఏదీ తీసుకోకూడదన్నది నియమం. ఈ దిబ్బల్లో పాతరాతియుగం నాటి నుంచి మనుషులు చెక్కిన రాతి పనిముట్లు కూడా బయటపడ్డాయి. అంచు పదునుగా చెక్కినట్లున్న రాయి కనిపిస్తే ఫొటో తీసి అక్కడే ఉంచండి. చోటు తప్పిన పనిముట్టు పురావస్తు పరిశోధకులకు సగం మూగబోయినట్లే.

ఫొటోలకు ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా వెలుతురు బాగుంటుంది. సముద్రం వైపుకు తిరిగిన గోడల మీద ఎండ ఏటవాలుగా పడి ప్రతి గాడీ తేలుతుంది. పదకొండు దాటాక రంగు వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. సాయంత్రపు కాంతి అంతకంటే అందంగా ఉంటుందన్నది నిజమే అయినా డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, గండి లోపల అంతకు అరగంట ముందే చీకటి కమ్ముతుంది. ఒంటరి నడకకు సాయంత్రం వద్దేవద్దు.

ఎప్పుడు వెనుదిరగాలి

తెచ్చుకున్న నీటిలో మూడో వంతు అయిపోగానే, లేదా గడియారంలో పదిన్నర కాగానే, రెండింటిలో ఏది ముందు జరిగితే అప్పుడు వెనుదిరగండి. ఇసుకలో గంటకు రెండు కిలోమీటర్లు నడవడమే ఎక్కువ. ఎండెక్కాక అది ఇంకా తగ్గుతుంది. తల తిరుగుతూ, వాంతి వచ్చేటట్లు ఉండి, చెమట పట్టడం తగ్గిందంటే అది వడదెబ్బ మొదలు. సురక్షితమైన నీడలో కూర్చుని, తువ్వాలు తడిపి మెడకూ చంకలకూ పెట్టి, కొంచెం కొంచెంగా నీరు తాగుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. కాలు మెలిక పడితే కుంటుతూ నడక సాగించకండి. మిట్ట మీదో వెడల్పాటి గెడ్డలోనో కనిపించే చోటికి జరిగి, ఈలను మూడు సార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదండి.

రక్తపింజర, నాగుపాము రెండూ ఈ తీరంలో ఉన్నాయి. పొదల్లో చేయి పెట్టకండి, చూడకుండా గట్టు మీద కూర్చోకండి. కర్రతో నేల తడుతూ నడిస్తే పాము చాలావరకు తానే తప్పుకుంటుంది. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయవద్దు. ఉంగరం, గడియారం తీసేసి, కాటు పడిన కాలినో చేతినో కర్ర కట్టి కదలకుండా ఉంచి, 108కి చెప్పి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరాలి. పామును వెతికి చంపే పనికి ఒక్క క్షణం కూడా పోగొట్టకండి.

సముద్రం ఒడ్డుకు చేరినా ఒంటరిగా నీటిలోకి దిగవద్దు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. ఒడ్డున గుండ్రని ముళ్ల బంతుల్లా గాలికి దొర్లుతూ వచ్చే రావణాసురుడి మీసాల కాయలు చూడముచ్చటగా ఉంటాయి, చేతికి గుచ్చుకుంటాయి.

బయటకు వచ్చాక

ముందు ఇంటికి ఫోన్, తర్వాతే టీ. దారిలో పలకరించిన కాపలా మనిషికి కనిపించి చెప్పి వెళ్లడం మర్యాదా, ముందు జాగ్రత్తా. లేకపోతే ఆయన సాయంత్రం మీ కోసం వెతుక్కోవచ్చు. మిగిలిన నీరు భీమిలి చేరేదాకా దాచుకోండి. మేజోళ్లు తిరగేసి దులిపి, పల్లేరు ముళ్లు బస్సులో పక్కవారికి గుచ్చుకోకుండా ఏరేయండి. ఓపిక ఉంటే భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి తగరపువలస బస్సు ఎక్కవచ్చు.

నడకలో ఎక్కడైనా యంత్రంతో తవ్విన కొత్త చాలు, చదును చేసిన గుట్ట, లారీ చక్రాల జాడ కనిపించి ఉంటే, తవ్వేవారు ఉన్నప్పుడు ఒక్కరే వెళ్లి వాదనకు దిగకండి. దూరం నుంచి తీసిన ఫొటో, తేదీ, ఫోను చూపిన అక్షాంశ రేఖాంశాలు ఒక కాగితం మీద రాసి భీమునిపట్నం తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి.